సెల్ఫ్ కొట్టే ముందు

హైటెక్ సిటీ కథ చెప్పేవాళ్లు 1998 నవంబరు 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజు దగ్గర మొదలుపెట్టి, మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం పొలాలను రెండు వాక్యాల్లో సాగనంపేస్తారు. పొలంతో పాటే ట్రాక్టరూ పోయిందని వినేవాళ్లు అనుకుంటారు. అదెక్కడికీ పోలేదు. నాగళ్లు విప్పేసి ట్రాలీ తగిలించుకుంది. పునాదుల్లోంచి తవ్విన మొరం, పగలగొట్టిన గుండ్ల రాయి, ఇటుక, ఇసుక మోసింది. తర్వాత ట్యాంకరు లాగుతూ డివైడర్ల మీది మొక్కలకు నీళ్లు పోసే బండి అయింది. క్యాంపస్ పచ్చికలో గడ్డి కోస్తూ తిరిగే పొట్టి ట్రాక్టరు కూడా ఆ ఇంటిదే. దుక్కి నుంచి మోతకు, మోత నుంచి తోటపనికి దాని కొలువు మారుతూ వచ్చింది. దాన్ని ఎలా స్టార్ట్ చేయాలి, ఎలా ఆపాలి అన్న విద్య మాత్రం పాత పొలంలోనే ఆగిపోయింది, దాన్ని కొత్త పనికి తగ్గట్టు నేర్పడం ఎవరి బాధ్యతా కాలేదు. ఈ ప్రాంతపు ట్రాక్టరు చరిత్రలో అసలు లోటు ఇదేనని నా వాదన.

విదేశాల్లో 20 నుంచి 40 హార్స్‌పవర్ బండిని చిన్న ట్రాక్టరంటారు. మనకు చాలాకాలం ట్రాక్టరంటేనే ఆ సైజు. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ తయారీ మొదలైనప్పటి నుంచి తెలుగు జిల్లాల్లో పేరు పడిన బండ్లు ఎక్కువగా ఈ కొలతకు దగ్గరివే. ఆ పాత డీజిల్ బండికి తాళంచెవి తిప్పినంత మాత్రాన ఇంజను ఆగదు, స్టాప్ నాబ్ లాగి డీజిల్ కట్ చేయాలి. అది తెలియనివాడు తాళంచెవి జేబులో వేసుకుని ఆడుతున్న ఇంజను పక్కనే నిలబడతాడు. స్టార్ట్ చేయడం ఇంకా సున్నితం. సీట్లో కూర్చుని, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, పీటీఓ (వెనక తగిలించిన పరికరాన్ని తిప్పే షాఫ్టు) ఆఫ్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, చుట్టూ ఒకసారి చూసి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. తాళంచెవి స్విచ్చు పనిచేయనప్పుడు కొందరు కిందే నిలబడి, స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు రెండు టెర్మినళ్లనూ కలుపుతారు. మనిషి అప్పుడు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉంటాడు. గేరు పడి ఉంటే ఇంజను అందుకున్న క్షణమే బండి కదులుతుంది, పెద్ద చక్రం అతని మీదికే వస్తుంది. బ్యాటరీ మీద నమ్మకం లేక బండిని వాలులో ఆపి ఉంచి, పొద్దున్నే దొర్లించి స్టార్ట్ చేసే అలవాటు కూడా ఉంది. చదునైన పొలంలో ఆ అలవాటు పెద్దగా సాగదు. గుట్టలూ గుండ్లూ నిండిన మాదాపూర్, ఖాజాగూడ లాంటి నేలలో అడుగడుగునా వాలే.

ఆపడంలోనూ అదే మెలిక. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. చాలు చివర ఇరుకులో మళ్లడానికి పొలంలో ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు రెంటినీ లాకుతో కలపాలి. కలపకుండా ట్రాలీ నిండా రాయితో దిగుడులో ఒక్కటే తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోవడం మామూలే కాబట్టి వెనక బరువంతా ముందుకు తోస్తుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించే డ్రైవరు, ఇంజను పట్టి ఉంచే బలాన్ని కూడా వదిలేసుకుంటాడు. దిగుడు మొదలయ్యే ముందే లోగేరు వేసుకోవాలి, మధ్యలో వేద్దామంటే పడకపోవచ్చు.

వెనక్కి తిరగబడటం ఇంకా పాత జబ్బు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్‌కు ఆ చెడ్డపేరు ఉండేది. నాగలి రాతికి తగిలి ఆగితే, ఇంజను వెనక ఇరుసు చుట్టూ ముందు భాగాన్ని పైకి లేపేస్తుంది. నాగలి బరువును ట్రాక్టరు మీదికే మళ్లించే మూడు చోట్ల కట్టు హ్యారీ ఫెర్గూసన్ తెచ్చాక ఆ ప్రమాదం చాలా తగ్గింది. కానీ ఆ రక్షణ నాగలికే. నిర్మాణ స్థలంలో గొలుసును ఎత్తుగా తగిలించి గుండును లాగే మనిషి, తెలియకుండానే 1917కు వెళ్లిపోతున్నాడు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు బోల్తా రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. రోల్ బార్ లేని ట్రాక్టరు మన రోడ్ల మీద ఈనాటికీ మామూలు దృశ్యం.

లైసెన్సు ఉందిగా అనవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ట్రాక్టరును తనంతట తాను బరువు మోయడానికి కట్టని బండిగా నిర్వచించింది. ట్రాలీ తగిలించాక అది ఏ తరగతి బండి, నడిపినవాడి లైసెన్సు చెల్లుతుందా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. బరువు పరిమితికి లోబడిన బండైతే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలునని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో కోర్టు చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే నిలబెట్టింది. తీర్పు న్యాయమైనదే, బతుకుతెరువు పోకుండా కాపాడింది. అయితే కోర్టు ముందున్న ప్రశ్న ప్రధానంగా బీమా కంపెనీ పరిహారం కట్టాలా వద్దా అన్నది. డ్రైవరుకు రెండు బ్రేకుల లాకు తెలుసా అన్నది ఆ తగవులో లేదు. శిక్షణ అసలే లేదనీ అనను. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. దాని చూపు రైతు మీదా పొలం మీదా ఉంది, ఉండాల్సిందే. డివైడర్ పక్కన ట్యాంకరు లాగేవాడు ఆ చూపులో పడడు.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. జనం చచ్చేది స్టార్టింగు దగ్గర కాదు, ట్రాలీల్లో మనుషుల్ని ఎక్కించడం వల్ల అని. 2018 జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అలాంటిదాన్ని క్లచ్ పాఠం ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ మడ్‌గార్డు మీద, ట్రాలీలో ఎవరున్నారో చూసి దించడం కూడా స్టార్ట్ చేయడంలో మొదటి మెట్టే. గేరు పడి ఉంటే స్టార్ట్ కానివ్వని సేఫ్టీ స్విచ్చులు వచ్చాయి కదా అంటే, వైరు కలిపి ఆ స్విచ్చును దాటేయడం స్క్రూడ్రైవర్ చేతిలో ఉన్నవాడికి పెద్ద పని కాదు.

ఈ చరిత్రలో ఇటీవలి ఘట్టం 2019లో మొదలైంది. పల్లె ప్రగతి కింద తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చాలని నిర్ణయించారు. ఐటీ కారిడార్ అంచున ఉన్న మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల పంచాయతీలు కూడా ఆ లెక్కలోవే. మంచి పనే, ఊళ్లలో చెత్త కదిలింది, మొక్కలకు నీళ్లందాయి. మరి డ్రైవరు? జీవో 51 తెచ్చిన మల్టీపర్పస్ విధానంలో చీపురు పట్టేవాడు, మోటారు వేసేవాడు, వీధి దీపం చూసేవాడు, ట్రాక్టరు తోలేవాడు ఒకే కార్మికుడి కోవలోకి వచ్చేశారు. ట్రాక్టరు తోలడం ఎవరైనా చేసే పని అని ప్రభుత్వ కాగితమే ఒప్పుకున్నట్టయింది. మల్టీపర్పస్ పద్ధతిని రద్దు చేయాలని పంచాయతీ కార్మికులు సమ్మెలు చేసినప్పుడు బయట చర్చ జీతం దగ్గరే ఆగింది. ఎవరి పని వారికే ఉంచాలన్న రెండో డిమాండును ట్రాక్టరు సీటు మీంచి చదివినవాళ్లు తక్కువ.