జనుము పురి నుంచి అల్లిక దారం దాకా: పాలమూరు చెరువుల్లో గాలపు దారం

బిజినేపల్లి చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేసేవారి చేతిలో మూడు తరాల దారాలు నడిచాయి. మొదటివి ఇంట్లో పేనిన జనుము, నూలు దారాలు. తర్వాత బజారులో దొరికే నైలాన్ వచ్చింది. ఇటీవల దూరం విసిరే పెద్ద బొమ్మ ఎరలకు సరిపోయే అల్లిక దారం వచ్చింది. సరుకు మారినా దారం ఎంచుకునే లెక్క మారలేదు. చేప బరువు ఆ లెక్కలో చివరిది. ఎర ఎంత బరువుంది, అది ఎలాంటి నీటిలో పడుతుంది, ముల్లు తగిలాక చేప దేనిలోకి దూరుతుంది అన్నవే వేటగాడు ముందు చూసుకునే సంగతులు.

చెరువులు, చేపలు

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతంలో వాన తక్కువ. దక్షిణాన కృష్ణ, తూర్పున దుందుభి పారుతున్నా ఊళ్లకు నీళ్లిచ్చినవి చెరువులే. కాకతీయుల సామంతులైన గోన వంశీయుల వర్ధమానపురం నేటి బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాన్. వనపర్తి వైపు ఘణపురంలోని గణపసముద్రం గోన గణపారెడ్డి పేరుతో ముడిపడింది. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువులకు సప్తసముద్రాలని పేరు. చివరి రాజా రామేశ్వరరావు తల్లి పేరిట 1949లో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్, నీరు నిండగానే తనంతట తాను వదిలే సైఫన్లతో పేరు పొందింది.

ఈ చెరువుల్లో చాలావరకు లోతు తక్కువ. ఎండాకాలంలో నీరు అడుగంటుతుంది, కొన్ని పూర్తిగా ఎండిపోతాయి. అందుకే ఇక్కడ స్థిరంగా బతికినవి గాలి పీల్చుకుంటూ బురదలో కాలం వెళ్లదీయగల కొర్రమీను, మార్పు వంటివి. వీటికి తోడు జెల్లలు, పరకలు ఉండేవి. తొలకరికి అలుగు పారితే కింది వాగు నుంచి చేపలు ఎదురెక్కేవి. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆనవాయితీ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. బొచ్చె, రవ్వ, మృగాల ఇన్ని చెరువుల్లో పెరగడం తర్వాతి మాట. 1957 జులై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో పెద్దజాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో నెగ్గాకే చేపపిల్లల సరఫరా పెద్ద ఎత్తున సాధ్యమైంది.

రాజుల వినోదం

గాలపు వేటను శాస్త్రంగా రాసిన తొలి గ్రంథాల్లో ఒకటి ఈ నేలను పాలించిన రాజ్యం నుంచే వచ్చింది. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా ఏలాడు. పాలమూరు సీమ అప్పుడు ఆ రాజ్యానికి సామంతులైన కందూరు చోడుల చేతిలో ఉండేది. సోమేశ్వరుడి పేరిట ఉన్న సంస్కృత గ్రంథం ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపలను అవి ఉండే నీటిని బట్టి, పరిమాణాన్ని బట్టి వర్గాలు చేసి, దేనికి ఏ ఎర పెట్టాలో, గాలపు సరంజామా ఎలా ఉండాలో అందులో చెప్పారు. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని పండితలోకం ముందుకు తెచ్చాడు. చేపను బట్టి ఎర, ఎరను బట్టి సరంజామా అన్న వరస 12వ శతాబ్దికే స్థిరపడిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

పేనిన దారం

ఊరి వేటగాడికి దారం పొలంలో పండేది. జనుమును పచ్చిరొట్ట కోసమే కాక నార కోసమూ వేసేవారు. కోసిన కట్టలను నీళ్లలో నానవేస్తే బెరడు మెత్తబడి నార విడుతుంది. దాన్ని ఉతికి, ఆరబెట్టి, చిక్కులు తీసి పోగులుగా పేనుతారు. రెండు మూడు పోగులకు మొదట ఒక వైపు పురి ఎక్కించి, వాటన్నిటినీ కలిపి ఎదురు పురి ఇస్తే దారం విడిపోకుండా నిలుస్తుంది. పురి తక్కువైతే దారం ఉబ్బి నీళ్లు తాగుతుంది. ఎక్కువైతే మెలికలు పడి, ముడి దగ్గర తెగుతుంది. పరకలకు, చిన్న జెల్లలకు సన్నని నూలు దారం చాలు. కొర్రమీనుకు మూడు పోగుల జనుము కావాలి.

జనుము నారకు ఒక సుగుణం ఉంది. తడిస్తే దాని బలం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. దాన్ని తినేది కుళ్లు. తడి దారాన్ని చుట్టి మూల పడేస్తే సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే పాడు చేస్తాయి. అందుకే వేట కాగానే దారాన్ని, వలను ఎండవేయడం ఇంటి పనుల్లో ఒకటైంది. తుమ్మ వంటి చెట్ల బెరడును కాచి, ఆ వగరు కషాయంలో దారాన్ని నానబెట్టి ఆరవేసేవారు. బెరడులోని టానిన్లు నారకు పట్టి కుళ్లును ఆలస్యం చేస్తాయి, దారం గోధుమ రంగు తిరుగుతుంది. ఈ పని ఏడాదిలో పలుమార్లు చేయాల్సిందే. వేటలో గడిచే సమయం కంటే దారాన్ని, వలను కాపాడుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ.

ఈ దారం లావు, బరువు. తడిస్తే మరీ బరువు. దూరం విసరడానికి పనికిరాదు. అందుకే దాన్ని కర్ర కొసకే కట్టేవారు. పొడవు కర్రంతో, కాస్త ఎక్కువో ఉండేది. పైన జీలుగ బెండు, కింద ముల్లు. వానపాము, జొన్నపిండి ముద్ద వంటి తేలిక ఎరలకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయేది.

కొర్రమీను దగ్గర పద్ధతి మారుతుంది. ఇది తామరాకుల నడుమ, తుంగలో, తూటికాడల కింద పొంచి ఉంటుంది. పిల్లలున్న రోజుల్లో తల్లీ తండ్రీ వాటిని కాస్తూ, దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తాయి. వేటగాడు చిన్న కప్పను ముల్లుకు గుచ్చి, ఆకుల మధ్య ఖాళీలో నీటి మీద ఆడిస్తాడు. కొర్రమీను ఎగబడి పట్టుకుని వెంటనే తీగల్లోకి దూరుతుంది. అప్పుడు దారం మోయాల్సింది రెండు మూడు కిలోల చేపను మాత్రమే కాదు, దాన్ని చుట్టుకున్న కలుపునంతా. ఇంత చిన్న చెరువులో అంత లావు దారం అందుకే. కృష్ణలో వాలుగ కోసం రాత్రిపూట గుంజకు కట్టి వదిలే గాలానికీ ఇదే న్యాయం. బతికి ఉన్న చేపను ఎరగా గుచ్చితే అది రాత్రంతా గుంజుతూనే ఉంటుంది, సన్నని దారం వాలుగ రాకముందే అరిగిపోతుంది.

దొరల సరంజామా

కృష్ణకు అవతలి కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీ సివిల్ సర్వీసులోని హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. రెండోది పూర్తిగా చెరువు వేట గురించే. ఆనాటి యూరోపియన్ వేటగాళ్లది పట్టు దారం. దాని కొసకు పట్టుపురుగు గ్రంథి నుంచి లాగిన పారదర్శకమైన తీగ కట్టేవారు. దీనికి స్పెయిన్‌లోని ముర్సియా ప్రసిద్ధి. చక్రానికి దారం చుట్టే రీలు ఉండడంతో ఎరను దూరం విసిరి, చేప లాగితే దారం వదలడం వీలయ్యేది. చెంచా ఆకారపు లోహపు ఎరలు నదుల్లోని పెద్ద చేపలకు వాడేవారు. విసిరే బరువైన కృత్రిమ ఎర ఈ దేశపు నీళ్లలో దిగింది ఇలా. ఊరి చెరువుకు మాత్రం రీలూ రాలేదు, పట్టు దారమూ రాలేదు.

నైలాన్

అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన వాలెస్ కెరోథర్స్ బృందం 1935లో నైలాన్ తయారు చేసింది. 1938లో లోకానికి ప్రకటించింది. అదే ఏడాది జర్మనీలో పాల్ ష్లాక్ నైలాన్-6 కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నైలాన్ వలలకు, గాలాలకు వ్యాపించింది. భారతదేశంలో 1950లలో కేరళ తీరంలో నడిచిన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు, 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కృత్రిమ దారాల వాడకానికి తోడ్పడ్డాయి. తీరం నుంచి అది మెల్లగా లోపలి చెరువులకు చేరింది.

నైలాన్ కుళ్లదు. బెరడు కషాయం అక్కర్లేదు, రోజూ ఎండవేయనక్కర్లేదు. తడిస్తే బలం పదో వంతుకు పైగా తగ్గినా, అదే లావు నూలు కంటే ఎంతో గట్టిది. సాగే గుణం ఉండడంతో చేప ఒక్కసారిగా గుంజినా తెగదు. ఎండకు మాత్రం పెళుసుబారుతుంది. పాత దారాన్ని ఎండవేయాల్సిన అవసరం ఇలా తిరగబడింది: జనుముకు ఎండ మేలు, నైలాన్‌కు ఎండ కీడు.

దారాన్ని కొలిచే భాషా మారింది. పోగుల లెక్క పోయి డీనియర్ వచ్చింది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. వలలకు వాడే నైలాన్ దారం సాధారణంగా 210 డీనియర్ల పోగులతో పేనినది. గాలానికి వాడే ఒంటి తీగను మాత్రం మిల్లీమీటర్ల మందంలో, మోసే బరువులో చెబుతారు.

ఈ మార్పు వేటను ఇంటి నుంచి బజారుకు మళ్లించింది. నార తీయడం, పేనడం, కాచడం అనే పనులు పోయాయి. వల చౌకై, కనిపించనంత సన్నబడడంతో గాలం వెనకబడింది. చెరువులు ముదిరాజ్, గంగపుత్రుల మత్స్య సహకార సంఘాల చేతికి రావడం, 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా వదలడం వల్ల చెరువు వేట అంటే వల వేటే అయింది. శ్రీశైలం జలాశయం నిండాక తీరాంధ్ర జాలర్లు కొల్లాపూర్, సోమశిల ఒడ్డుకు వలస వచ్చారు. చిన్న చేపపిల్లలను కూడా ఊడ్చే అలివి వలల మీద అక్కడ తగాదాలు నడుస్తూనే ఉన్నాయి. తెగి నీటిలో మిగిలిన నైలాన్ ఏళ్ల తరబడి కరగదు. కుళ్లకపోవడం అనే దాని సుగుణమే ఇక్కడ దోషం.

పెద్ద బొమ్మ ఎరల కాలం

స్విమ్‌బెయిట్ అంటే ఈదే చేపను పోలిన పెద్ద బొమ్మ ఎర. దక్షిణ కాలిఫోర్నియా జలాశయాల్లో వదిలిన ట్రౌట్ చేపలను తిని బాస్ చేపలు బాగా బలిసేవి. వాటి కోసం 1980, 90లలో అక్కడి వేటగాళ్లు జానెడు, అంతకు మించిన ఎరలు చేశారు. వంద గ్రాములకు పైబడే ఇలాంటి ఎరను విసిరేటప్పుడు దారం మీద పడే కుదుపే అసలు పరీక్ష. సన్నని దారం చేప తగలకముందే విసురులో తెగి, ఖరీదైన ఎర నీళ్లపాలవుతుంది. లావు దారం వాడడానికి మొదటి కారణం ఇదే.

అందుకు మూడు దారాలున్నాయి. నైలాన్ ఒంటి తీగ సాగుతుంది, నెమ్మదిగా మునుగుతుంది. నీటి పైభాగంలో ఆడే ఎరకు, పలు ముళ్లున్న ఎరకు ఇది నప్పుతుంది. సాగుడు వల్ల ముల్లు చేప నోటిని చీల్చుకు రాదు. ఫ్లోరోకార్బన్‌ను జపాన్‌కు చెందిన కురేహా 1971లో గాలపు దారంగా తెచ్చింది. ఇది నీటి కంటే 1.78 రెట్లు బరువు కాబట్టి బాగా మునుగుతుంది, రాతి రాపిడికి తట్టుకుంటుంది, నీటిలో తక్కువగా కనిపిస్తుంది. అడుగున నడిచే ఎరకు ఇదే తగింది. ఈ రెండింటిలో పెద్ద ఎరకు 20–25 పౌండ్ల దారం, అంటే 9–11 కిలోలు మోసేది, వాడతారు. మూడోది బలమైన పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన దారం. ఇది 1990ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. తేలుతుంది, దాదాపు సాగదు, అదే లావు నైలాన్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. కలుపు, మొద్దులు ఉన్నచోట పెద్ద ఎరలకు 65–80 పౌండ్ల అల్లిక దారం కడతారు.

తెలంగాణ చెరువుల్లో సరదా వేటగాళ్లు ఇప్పుడు కొర్రమీనుకు రబ్బరు కప్పను విసురుతున్నారు. ఎర తేలికే అయినా దారం మాత్రం గట్టి అల్లిక దారమే. కలుపు మీదుగా లాగినప్పుడు అది తేలుతూ ఆకులను కోసుకుంటూ వస్తుంది. సాగదు కాబట్టి ముల్లు వెంటనే దిగుతుంది, చేప వేళ్లలోకి దూరకముందే తల తిప్పవచ్చు. అల్లిక దారం నున్నగా ఉండి మామూలు ముడి జారుతుంది, అందువల్ల ముడిలో చుట్లు ఎక్కువ వేయాలి. కొర్రమీను పళ్లకు, రాళ్ల రాపిడికి అది త్వరగా నలుగుతుంది కాబట్టి కొసకు జానెడో మూరెడో లావు నైలాన్ ముక్క కలుపుతారు. సంఘం చేపపిల్లలను వదిలిన చెరువులో గాలం వేయాలంటే సంఘం అనుమతి తీసుకోవాలి.