బెల్లానికి రంగు, తీపికి కొలత

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ధర కట్టేది నాలుక కాదు, కన్ను. యార్డులో వరసగా పేర్చిన దిమ్మల మధ్య నడుస్తూ వర్తకులు ముందు రంగు చూస్తారు. పసుపుపచ్చగా మెరిసేది మొదటి రకం, కాస్త మందగించినది రెండో రకం, నలుపు తిరిగినది మూడో రకం. పది కిలోల లెక్కన పాట సాగుతుంది. కొలగార్లు తూకం వేసి పక్కకు చేరుస్తారు. ఆ సీజనంతా పడ్డ కష్టానికి రైతు చేతిలో ఏమైనా మిగులుతుందా లేదా అన్నది చాలాసార్లు ఆ రంగు తేడాలోనే తేలిపోతుంది.

శారదా నది పక్కన చెరకు పండించే ఇంట్లో పుట్టి, ఉద్యోగమంతా బడిపిల్లలకు సైన్సు చెప్పినదాన్ని నేను. ఇప్పుడు మా ఇంట్లో షుగరు ఉన్నవాళ్లున్నారు. పండగకి వచ్చిన చుట్టాలు "పంచదార మానేసి బెల్లంలోకి దిగిపోయాం వదినా, ఇక భయం లేదు" అంటుంటే మనసు ఊరుకోదు. పంచదార డబ్బా తీసేసి ఆ చోట బెల్లం డబ్బా పెడితే ఆరోగ్యం వచ్చేస్తుందా? మా పెద్దవాళ్ల తీపిలో మేలు నిజంగా ఎక్కడుండేది? దీనికి జవాబు మా ప్రాంతపు బెల్లం చరిత్రలోనే ఉంది.

మా చిన్నప్పుడు సంక్రాంతి చుట్టుపక్కల నుంచి ఎండలు ముదిరేదాకా గానుగాట నడిచేది. ఎద్దులు తిప్పే ఇనుప గానుగ అప్పటికే మూలపడి, ఇంజను గానుగ వచ్చింది. ఆ ఇనుప గానుగ కూడా తాతముత్తాతల నాటిదేమీ కాదు. బీహార్‌లోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు 1870ల్లో తయారుచేసిన ఇనుప రోలర్ల గానుగ దేశమంతా పాకింది. దాని ముందు పాత చెక్క గానుగలూ రాతి గానుగలూ నిలవలేకపోయాయి.

వంద కిలోల చెరకు ఆడితే చివరికి దక్కే బెల్లం పది కిలోలు, కాస్త అటూ ఇటూ. మిగతాదంతా పిప్పి, ఆవిరి. రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన పిప్పినే పొయ్యిలోకి తోస్తూ కాస్తారు. తగుమాత్రం సున్నం వేస్తే రసంలోని పులుపు విరిగి మడ్డి పైకి తేలుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. కొన్నిచోట్ల బెండ కాండాన్ని నలిపి, ఆ జిగురు కూడా ఇందుకే వేస్తారు. పాకం చిక్కబడ్డాక మా తాత నీళ్ల గిన్నెలో చుక్క వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూసేవాడు. ఉండ గట్టిగా నిలిస్తే పెనం దించాల్సిందే. ఆలస్యమైతే మాడు రంగు వస్తుంది. తొందరపడితే ఆ బెల్లం వానలకు నీరు కారుతుంది. మొత్తం సీజను ఆయన రెండు వేళ్ల మీద ఆధారపడేది.

రసాన్ని ఎంతవరకు కాచాలి, ఎంతవరకు శుద్ధి చెయ్యాలి అన్నది ఈ దేశంలో చాలా పాత విద్య. కౌటిల్యుని అర్థశాస్త్రం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని ఈ సరుకుల్ని పేరుపేరునా చెప్పింది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ చక్కెర చేసే విధానం నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడు. అంటే తెల్లగా చెయ్యడం మనకు కొత్త కాదు. కాని ఆ తెల్లటి సరుకు ఉన్నవాళ్ల ఇళ్లకు చేరేది. వ్యవసాయం చేసుకునేవాళ్ల ఇంట్లో తీపి అంటే బెల్లమే.

ఆ బెల్లానికి ఒక కాలం ఉండేది. మామ్మ ఏడాదికి సరిపడా బెల్లాన్ని కుండలకెత్తి, మూతి గుడ్డతో బిగించి అటకెక్కించేది. కొత్తమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర, తెల్లారి ఉగాది పచ్చడిలోకి కొత్త బెల్లం. శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు దంచి వేసిన పానకం, పక్కన వడపప్పు. వినాయకచవితికి పాలతాలికలు. నాగులచవితికి చిమ్మిలి, చలిమిడి. సంక్రాంతికి అరిసెలు. ఈ పండగల మధ్య రోజుల్లో కుండ దిగేది కాదు. మరీ మారాం చేస్తే వేయించిన వేరుశెనగ గుళ్లు గుప్పెడు పోసి, చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టేది. గుళ్లు గుప్పెడు, బెల్లం ముక్క. ఎక్కువ ఏదో, తక్కువ ఏదో ఆ చేతికి తెలుసు.

తోడు కూడా ఉండేది. మా వంటల్లో బెల్లం ఒంటరిగా కడుపులోకి వెళ్లడం అరుదు. చిమ్మిలిలో నువ్వులు, సున్నుండల్లో మినుములు, బూరెల్లో శనగపప్పు, అరిసెల మీద మళ్లీ నువ్వులు. పెద్దమనిషైన ఆడపిల్లకు చిమ్మిలి పెట్టడం, బాలింతకు శొంఠి కలిపిన కాయం పెట్టడం మా వైపు మానని ఆచారాలు. బడిలో పాఠం చెప్పినట్టు చెప్పాలంటే, పప్పులో మాంసకృత్తులు, నువ్వుల్లో నూనె, రెంటిలోనూ పీచు ఉన్నాయి. ఇవి కలిసినప్పుడు తీపి నెత్తుట్లోకి చేరే వేగం తగ్గుతుంది, కడుపు తొందరగా నిండుతుంది. చిమ్మిలి ముద్ద ఒకటి తిన్నాక రెండోది తినాలనిపించదు. పైగా ఆ ముద్ద వెనక రోట్లో రోకలి పోటు ఉంది. దంచేవాళ్ల ఓపికే ఎంత తినాలో తేల్చేది.

ఇదంతా మా వాళ్ల తెలివి అని మాత్రమే చెబితే అన్యాయం. చాలామందికి అది లేమి. పొగలో, వేడిలో రోజంతా పెనం ముందు నిలబడ్డ కూలి మనిషి పిల్లలకు పెనం అడుగు గీకిన బెల్లమే పండగ తీపి. ఆ లేమిని నేను మెచ్చుకోను. అందులోంచి మనం తీసుకోవలసింది కొలత ఒక్కటే.

ఈ కొలత చెదరడం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. అంతకుముందు మన బజార్లకు తెల్ల పంచదార ఎక్కువగా జావా నుంచి ఓడల్లో వచ్చేది. 1932లో దేశీయ పంచదార పరిశ్రమకు రక్షణ కల్పిస్తూ చట్టం వచ్చింది. 30 పైచిలుకు ఉన్న ఫ్యాక్టరీలు అయిదేళ్లు తిరిగేసరికి దేశమంతటా 130 దాటాయి. మా జిల్లాలో ఏటికొప్పాక సహకార ఫ్యాక్టరీ 1933 నాటిది. దేశంలోని తొలి సహకార పంచదార ఫ్యాక్టరీల్లో అదొకటి. నిజాం రాజ్యంలో బోధన్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. అనకాపల్లిలో 1913లోనే పెట్టిన పరిశోధన కేంద్రం, కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ కలిసి రైతుకు మంచి వంగడాలు అందించాయి. చెరకు పెరిగింది, పంచదార చవకైంది. రైతుకు రెండో దారి దొరికింది. ఇది మంచి మార్పే.

ఈ పంచదారను రోజువారీ తిండిగా మార్చింది మాత్రం మిఠాయి కొట్టు కాదు, టీ కప్పు. 1930ల్లో టీ పరిశ్రమ తరఫున ప్రచార బృందాలు బజార్లలో, రైల్వే స్టేషన్లలో, జాతరల్లో టీ కాచి ఇస్తూ, ఎలా కాచాలో నేర్పుతూ తిరిగాయి. పాలు, పంచదార వేసిన టీకి జనం అలవాటుపడ్డారు. అంతకుముందు తీపి పండగతో వచ్చి పండగతో వెళ్లేది. టీతో అది పొద్దున్న, పదకొండింటికి, సాయంత్రం, చుట్టం వచ్చినప్పుడు నోట్లోకి రావడం మొదలైంది. దాన్ని ఎవరూ తీపి తినడం కింద లెక్కపెట్టలేదు. ఇప్పటికీ లెక్కపెట్టరు.

రెండో దెబ్బ బెల్లానికే తగిలింది. తెల్ల పంచదారకు అలవాటుపడిన కన్ను బెల్లంలోనూ తెలుపు వెతికింది. పసుపుపచ్చ దిమ్మకు ధర పెరిగేసరికి గానుగల దగ్గరకు హైడ్రోస్ వచ్చింది. శాస్త్రం దాన్ని సోడియం హైడ్రోసల్ఫైట్ అంటుంది, రంగు విరగ్గొట్టే రసాయనం. పెనంలో అది పడగానే పాకం పసుపు తిరుగుతుంది. ఆ మెరుపు నిలవదు, కొన్నాళ్లకు గాలి తగిలి మళ్లీ నల్లబడుతుంది. అప్పటికి సరుకు మార్కెట్ దాటి ఉంటుంది. రంగుతో తీపి పెరగదు, బలం పెరగదు. మిగిలేది గంధకపు అవశేషం. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు. మా నాన్న హైడ్రోస్ వెయ్యనని పట్టుబట్టిన ఏడు మా దిమ్మలు మూడో రకం ధరకు పోయాయి. మరుసటి ఏడు ఊళ్లో అందరిలాగే ఆయనా వేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. నలుగురు పిల్లల్ని చదివించాల్సిన రైతు మార్కెట్ కంటికి ఎదురు నిలవడం కష్టం.

నల్ల బెల్లానికి ఇంకో కష్టం కూడా వచ్చింది. నాటుసారాకి ఊట వేసేది దానితోనే అని దాని మీద నిఘా పడింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. ఆ ఆడవాళ్ల పోరాటం నాకు గర్వకారణం. కాని సారా కాచేవాడికి ఉండాల్సిన భయం, ఏ మందూ కలపకుండా వండిన ముదురు రంగు బెల్లాన్ని బండి మీద తెచ్చుకునే రైతుకు కూడా పట్టుకుంది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు మనిషి బరువుకు సమానంగా తూచి మొక్కు తీర్చుకునేది కూడా బెల్లంతోనే. గద్దె మీద మొక్కుగా పెట్టేదాన్ని బజారులో రంగు చూసి అనుమానించాల్సి రావడం బాధగా ఉంటుంది.

తాటిబెల్లం కథ కాస్త వేరు. చెట్టుకు కట్టిన కుండలో సున్నం పూస్తే నీరా, అంటే చెట్టు నుంచి కారే తీపి రసం, పులియకుండా ఉంటుంది. దాన్ని కాచి బెల్లం తీస్తారు. 1934లో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పటి నుంచి గాంధీజీ తాటిబెల్లాన్ని ఎంతో పట్టుదలగా ప్రోత్సహించారు. తాడికి సాగుభూమి అక్కర్లేదని, పేదవాడికి తీపీ బతుకూ రెండూ దొరుకుతాయని ఆయన ఆశ. ఈ రోజు పట్నంలో దాన్ని ఆరోగ్యపు సరుకని కొంటున్నారు. ప్రాణానికి తెగించి చెట్టెక్కే మనిషికి ఆ డబ్బు చేరితే నాకు సంతోషమే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. ఇనుము, పొటాషియం లాంటి ఖనిజాలు కొంత ఉంటాయి, నిజమే. కాని వాటి కోసం బెల్లం తినాలంటే తీపి హద్దు దాటిపోతుంది. ఇనుము కావాలంటే నువ్వులు, రాగులు, ఆకుకూరలు ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్ల నెత్తురు బెల్లాన్నీ పంచదారనూ పెద్దగా వేరు చెయ్యదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పంచదార, బెల్లం, తేనె లాంటి వాటి నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మేలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. రెండేసి చెంచాల పంచదారతో నాలుగు టీలు తాగితే 30 గ్రాములు దాటిపోయినట్టే. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు ఒక్కటే ఆ పని చేస్తుంది. నిమ్మకాయంత సున్నుండలో బెల్లం ఓ 12 నుంచి 15 గ్రాములు. దానితోపాటు మినుముల బలం, నెయ్యి వల్ల నిండిన కడుపు. జనం భయపడేదేమో సున్నుండకి, లెక్కలేకుండా తాగేదేమో టీ.

అందుకే మా ఇంట్లో తీపి మానెయ్యలేదు. టీలో చెంచా అరచెంచా అయింది, తర్వాత కొందరికి అదీ పోయింది. నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంది. అలా మిగిలిన తీపిని ఊరికే పోగొట్టుకోలేదు, చిమ్మిలికిచ్చాం. నువ్వులు రెండు పాళ్లు, బెల్లం ఒక పాలు, అదీ పిల్లలు బడి నుంచి వచ్చాక ఒక ఉండ. షుగరు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన లెక్కలో పండగ పూట చిటికెడు రుచి చూస్తారు, బెల్లమే కదా అని చెయ్యి చాపరు.

కొనేటప్పుడు ముదురు రంగు బెల్లమే అడుగుతాను. ముదురు రంగు ఉన్నంత మాత్రాన అది మేలైనదని కాదు, మాడిందీ నల్లగానే ఉంటుంది. అందుకని హైడ్రోస్ వెయ్యకుండా వండేది ఎవరో కనుక్కుని, మొదటి రకం ధర ఇచ్చి అక్కడే కొంటాను. అనకాపల్లి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు శుభ్రమైన పద్ధతులు ఎన్ని నేర్పినా, పెనంలో ఏం పడాలో చివరికి తేల్చేది కొనేవాళ్ల కోరికే. రైతు చేత రసాయనం వేయించింది మన కన్ను. దాన్ని మాన్పించే శక్తి కూడా మన సంచిలోనే ఉంది. ప్రతి ఇంటివాళ్లూ ఏడాదికి కావలసిన నాలుగు కిలోలు ఆ ధరకు అడిగి కొంటే చాలు, మూడో రకం అనే మాటకు అర్థం మారుతుంది.