తూర్పు కనుమల శిఖరాల ఎత్తు కొలత

బంగాళాఖాతం తీరానికి సమాంతరంగా ఒడిషా నుండి తమిళనాడు వరకు విడివిడి వరుసలుగా వ్యాపించిన కొండలను తూర్పు కనుమలు అంటారు. వీటి శిఖరాల ఎత్తులు పాఠ్యపుస్తకాలలోను, పటాలలోను, పోటీ పరీక్షలలోను తరచుగా కనిపిస్తాయి. అయితే ఒకే శిఖరానికి ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క అంకె ఉండడం, "అత్యున్నత శిఖరం" అన్న పేరు కాలక్రమంలో ఒక కొండ నుండి మరొక కొండకు మారడం విద్యార్థులను తికమక పెడుతున్నది. ఈ తేడాలకు కారణం కొండలు పెరగడమో తరగడమో కాదు. ఎక్కడి నుండి కొలిచారు, దేనితో కొలిచారు, ఎంత ఖచ్చితంగా కొలిచారు అన్న మూడు విషయాలపై ఈ అంకెలు ఆధారపడి ఉంటాయి.

ఎత్తుకు ఆధారం

కొండ ఎత్తును రెండు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది కొండ అడుగు నుండి కొన వరకు ఉండే ఎత్తు. రెండవది సగటు సముద్ర మట్టం నుండి లెక్కించే ఎత్తు. నెల్లూరు జిల్లా బిట్రగుంట సమీపాన కొండబిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయానికి కొండ ఎక్కే భక్తునికి తెలిసేది మొదటి ఎత్తు. బిట్రగుంట వంటి రైల్వే స్టేషన్ల పసుపు పచ్చ పలకలపై ఊరి పేరు క్రింద వ్రాసే అంకె రెండవ రకానికి చెందినది. పటాలలో ఇచ్చేది కూడా ఈ రెండవ ఎత్తే.

సముద్ర మట్టం అలలు, ఆటుపోట్ల వలన నిరంతరం మారుతూ ఉంటుంది. అందుచేత రేవులలో చాలాకాలం పాటు నీటిమట్టాన్ని నమోదు చేసి సగటు తీస్తారు. భారతదేశంలో 1909లో సరిచేసిన మొదటి మట్టపు కొలతల వ్యవస్థకు తొమ్మిది రేవుల సగటు సముద్ర మట్టాలను ఆధారంగా తీసుకున్నారు. వాటిలో విశాఖపట్నం, మద్రాసు కూడా ఉన్నాయి. దేశంలోని ఎత్తులన్నీ ఒక్క మద్రాసు నుండే కొలుస్తారన్న అభిప్రాయం సరికాదు.

చరిత్ర

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖను కొలవడం ప్రారంభించాడు. ఇదే తరువాత మహా త్రికోణమితీయ సర్వేగా విస్తరించింది. ఒక రేఖ పొడవును గొలుసుతో కొలిచి, దాని రెండు కొనల నుండి దూరపు కొండను థియొడొలైట్‌తో చూసి కోణాలను గుర్తిస్తే, త్రికోణమితి సూత్రాల ద్వారా ఆ కొండ దూరము, ఎత్తు లభిస్తాయి. 19వ శతాబ్దంలో కలకత్తా, మద్రాసుల మధ్య తూర్పు తీరం వెంబడి ఇటువంటి త్రిభుజాల శ్రేణిని పూర్తి చేశారు.

ఈ పద్ధతిలో ముఖ్యమైన చిక్కు కాంతి వక్రీభవనం. వేడి గాలి పొరల గుండా వచ్చే కాంతి వంగడం వలన దూరపు శిఖరం ఉన్నదానికంటె ఎత్తుగానో తక్కువగానో కనిపిస్తుంది. తూర్పు కనుమలలో దట్టమైన అడవి, పొగమంచు, గుండ్రని కొనలు మరికొన్ని ఇబ్బందులు. గుండ్రని కొండపై అన్నిటికంటె ఎత్తైన చోటు ఏదో తేల్చడమే కష్టం.

అత్యున్నత శిఖరం ఏది?

పాత భూగోళ పుస్తకాలలో ఒడిషాలోని మహేంద్రగిరి (1501 మీటర్లు) తూర్పు కనుమలలో ఎత్తైన శిఖరంగా పేర్కొనబడింది. ఇది తీరానికి దగ్గరగా ఉండి స్పష్టంగా కనిపిస్తుంది. ఒడిషాలోని కోరాపుట్ జిల్లాకు చెందిన దేవ్‌మాలి ఎత్తు 1672 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు ప్రాంతంలోని అర్మకొండకు 1680 మీటర్లని, జిందగడ శిఖరానికి 1690 మీటర్లని పుస్తకాలలో కనిపిస్తుంది. ఈ రెండు పేర్లను ఒకే కొండకు వాడే రచనలు కూడా ఉన్నాయి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

మహేంద్రగిరికి, దేవ్‌మాలికి మధ్య తేడా 171 మీటర్లు. ఇంత తేడా కొలత దోషం కాజాలదు కనుక మహేంద్రగిరి మొదటి స్థానంలో లేదన్నది నిశ్చయం. దేవ్‌మాలికి, అర్మకొండకు మధ్య తేడా మాత్రం 8 మీటర్లే. ఇంత చిన్న తేడాను నిర్ణయించాలంటే కొలిచే సాధనం దోషం అంతకంటె బాగా తక్కువగా ఉండాలి.

ఆధునిక పద్ధతులు

రాడార్ పటం: 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ రాడార్ సహాయంతో భూమిలో అధిక భాగపు ఎత్తులను నమోదు చేసింది. ఇందులో అనుమతించిన దోషం 16 మీటర్లు. అడవి ఉన్నచోట చెట్ల తలలు కూడా లెక్కలోకి వస్తాయి.

కార్టోశాట్-1: 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఈ ఉపగ్రహం రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణాలలో చిత్రించింది. ఆ చిత్రాల నుండి తయారైన ఎత్తుల పటంలో దోషం సుమారు 8 మీటర్లు.

జీపీఎస్: సర్వే తరగతి పరికరాన్ని శిఖరంపై కొన్ని గంటలు ఉంచితే సెంటీమీటర్ల స్థాయిలో ఎత్తు లభిస్తుంది. అయితే జీపీఎస్ సముద్ర మట్టం నుండి కాక, భూమి ఆకారానికి ప్రతీకగా ఊహించిన గణిత గోళాభం నుండి కొలుస్తుంది. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తక్కువగా ఉండడం వలన అక్కడి సముద్ర మట్టం ఈ గోళాభానికి సుమారు 106 మీటర్లు దిగువన ఉన్నది. ఆ ప్రభావం మన తీరం వరకు వ్యాపించింది. నెల్లూరు తీరాన ఈ తేడా 80 మీటర్లకు పైగా ఉంటుంది. సవరణ చేయని పరికరం ఇక్కడి ఇసుకపై ఋణ సంఖ్యను చూపడానికి కారణం ఇదే.

ఇతర దేశాలలో

ఎవరెస్టు ఎత్తును 1856లో 29,002 అడుగులుగా ప్రకటించారు. 1955లో భారత సర్వే శాఖ 8848 మీటర్లని నిర్ణయించింది. 2020 డిసెంబరు 8న నేపాల్, చైనాలు 8848.86 మీటర్లని ఉమ్మడిగా ప్రకటించాయి. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఔత్సాహికులు జీపీఎస్‌తో గ్లిడర్ వౌర్ కొండను 2010లో కొలువగా, పటంలో 999 మీటర్లుగా ఉన్న ఎత్తు 1000.8 మీటర్లని తేలింది. వెయ్యి మీటర్ల కొండల జాబితాలో దానికి చోటు దొరికింది.

అంకెలను చదివే విధానం

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం ఎత్తు పుస్తకాలలో 3079 అడుగులని ఉన్నది. దీనిని 938.5 మీటర్లని వ్రాస్తే క్రొత్తగా కొలిచినట్లు భ్రమ కలుగుతుంది. నిజానికి అది పాత కొలతకు మార్చిన ప్రమాణం మాత్రమే. కనుక ఎత్తును పేర్కొనేటప్పుడు కొలిచిన సంవత్సరం, పద్ధతి తెలిసినంత వరకు చేర్చడం మంచిది. దేవ్‌మాలిపైన, పాడేరు కొండలపైన ఒకే తరగతి పరికరాలతో, ఒకే సముద్ర మట్టం ఆధారంగా కొలిచిన ఎత్తులను పోల్చినప్పుడే రెండు రాష్ట్రాల విద్యార్థులూ ఒకే జవాబు వ్రాయగలుగుతారు.