పోస్ట్‌మిలీనియలిజం

పోస్ట్‌మిలీనియలిజం అనేది క్రైస్తవ మతంలో యుగాంతమును గురించిన సిద్ధాంతాలలో ఒకటి. క్రీస్తు రెండవ రాకడ "వెయ్యేండ్ల పాలన"కు ముందు కాక, దాని తరువాత జరుగుతుందని ఈ సిద్ధాంతం చెబుతుంది. పేరులోనే ఈ అర్థం ఉన్నది. లాటిన్ భాషలో 'పోస్ట్' అనగా తరువాత, 'మిల్లే' అనగా వెయ్యి. సువార్త ప్రకటన వలన, పరిశుద్ధాత్మ కార్యము వలన ప్రపంచ ప్రజలలో అత్యధికులు క్రమంగా క్రీస్తును అంగీకరిస్తారని, యుద్ధాలు, అన్యాయాలు తగ్గి దీర్ఘకాలం శాంతి నెలకొంటుందని, ఆ కాలం చివరనే క్రీస్తు తిరిగివచ్చి తీర్పు తీరుస్తాడని ఈ వాదులు నమ్ముతారు. లోకం నానాటికీ చెడిపోయి నాశనమవుతుందనే అభిప్రాయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

== మూడు వాదాలు ==

వెయ్యి సంవత్సరాల ప్రస్తావన బైబిలులోని ప్రకటన గ్రంథము 20వ అధ్యాయంలో వస్తుంది. సాతాను బంధింపబడటం, క్రీస్తుతో పాటు భక్తులు రాజ్యమేలటం అక్కడి విషయాలు. దీనిని అర్థం చేసుకోవటంలో మూడు మార్గాలు ఏర్పడ్డాయి. క్రీస్తు ముందుగా వచ్చి, ఆ తరువాత భూమి మీద వెయ్యేండ్లు పాలిస్తాడనేది ప్రీమిలీనియలిజం. ఆ సంఖ్య సంకేతం మాత్రమే, ఇప్పటి సంఘకాలమే ఆ పాలన అనేది ఎమిలీనియలిజం. అగస్టీను (354–430) రచనల ద్వారా ఇది పాశ్చాత్య క్రైస్తవ మతంలో స్థిరపడింది. మూడవది పోస్ట్‌మిలీనియలిజం. ఈ వాదులలో కూడా చాలామంది వెయ్యి అనే అంకెను అక్షరాలా తీసుకోరు, సుదీర్ఘ కాలమని మాత్రమే గ్రహిస్తారు. కనుక రెండవ, మూడవ వాదాల మధ్య భేదం కాలక్రమంలో కంటే చరిత్ర మీద పెట్టుకొన్న ఆశలోనే ఎక్కువగా కనబడుతుంది.

== బైబిలు ఆధారాలు ==

ఈ వాదులు ప్రకటన గ్రంథము కంటే ఇతర భాగాల మీదనే ఎక్కువగా ఆధారపడతారు. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ఆవగింజ చెట్టయ్యే ఉపమానం, కొంచెం పులిసిన పిండి ముద్దనంతా పులియజేసే ఉపమానం వీరికి అతి ముఖ్యమైనవి: దేవుని రాజ్యం ఒక్కసారిగా పైనుండి ఊడిపడదు, లోపలినుండి నెమ్మదిగా పెరుగుతుందని వీరి వివరణ. దానియేలు 2వ అధ్యాయంలో చేతి సహాయం లేకుండా తీయబడిన రాయి మహాపర్వతమై భూమిని నింపటం, యెషయా 2వ అధ్యాయంలో ఖడ్గాలు నాగటి నక్కులుగా మారటం, 72వ, 110వ కీర్తనలు కూడా తరచుగా చూపబడతాయి. మత్తయి 24వ అధ్యాయంలోని శ్రమలను మాత్రం వీరిలో పలువురు సా.శ. 70లో రోమనులు యెరూషలేమును నాశనం చేసిన సంఘటనకు అన్వయిస్తారు. అనగా ఆ శ్రమలు జరగవలసినవి కావు, జరిగిపోయినవి.

== చరిత్ర ==

17వ శతాబ్దపు ఇంగ్లాండులో ప్యూరిటనుల మధ్య ఈ ఆశ బలపడింది. 1658 నాటి సవోయ్ ప్రకటన అంత్యదినములలో సంఘాలు విస్తరిస్తాయనే నిరీక్షణను విశ్వాస ప్రమాణంలోనే చేర్చింది. ఆంగ్ల మతాచార్యుడు డేనియల్ విట్బీ (1638–1726) 1703లో ప్రచురించిన కొత్త నిబంధన వ్యాఖ్యానం ద్వారా దీనికి స్పష్టమైన రూపం ఇచ్చాడు.

అమెరికాలో దీని ప్రధాన ప్రతినిధి జోనతన్ ఎడ్వర్డ్స్ (1703–1758). అతని 1747 నాటి గ్రంథం, వేర్వేరు దేశాల క్రైస్తవులు ఒకే సమయంలో కలిసి ఉజ్జీవం కొరకు ప్రార్థించాలని కోరింది. ఆ మహిమకాలం రావటానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టవచ్చునని అతడు తలచాడు. ఈ గ్రంథాన్ని 1789లో ఇంగ్లాండులో బాప్టిస్టు బోధకుడు జాన్ సట్‌క్లిఫ్ పునర్ముద్రించాడు. అతని మిత్రబృందంలోని విలియం కేరీ 1792లో మిషనరీ ఉద్యమానికి పునాది వేసిన పుస్తకం వ్రాసి, 1793లో బెంగాలు చేరాడు. కేరీ బృందం నడిపిన శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. యుగాంతమును గురించిన ఒక సిద్ధాంతం తెలుగు అచ్చు చరిత్రను ఇంత దూరం నుండి తాకటం గమనింపదగినది.

సంఘసంస్కరణలో ఈ సిద్ధాంతం రెండు ముఖాలు చూపింది. ఎడ్వర్డ్స్ స్వయంగా బానిసలను ఉంచుకొన్నాడు. అతని శిష్యుడు, 1793లో వెయ్యేండ్ల పాలనపై గ్రంథం వ్రాసిన శామ్యూల్ హాప్కిన్స్ (1721–1803) బానిసల వ్యాపారానికి కేంద్రమైన న్యూపోర్ట్ పట్టణంలోనే ఉంటూ బానిసత్వాన్ని బహిరంగంగా ఖండించాడు. 1835లో ఛార్లెస్ ఫిన్నీ, సంఘం తన బాధ్యత నెరవేర్చితే మూడేళ్ళలోనే అమెరికాలో ఆ పాలన రావచ్చునన్నాడు. మూడేళ్ళు కాదు, పాతికేళ్ళు గడిచాక వచ్చినది అంతర్యుద్ధం (1861–1865).

== ఎడిన్‌బరో నుండి ప్రపంచయుద్ధం వరకు ==

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ ఆశావాదం ఉచ్ఛస్థితిలో కనబడింది. హాజరైనవారందరూ ఈ సిద్ధాంతం గలవారు కారు. కాని ఈ తరంలోనే ప్రపంచమంతటికీ సువార్త అందుతుందనే ధీమా సభ నిండా ఉన్నది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవైమందికి మించలేదు. వారిలో ఒకడైన వి.ఎస్. అజరయ్య, మిషనరీలు త్యాగాలు చేస్తున్నప్పటికీ భారతీయ క్రైస్తవులను సమానులైన స్నేహితులుగా చూడటం లేదని ఆ సభలోనే చెప్పాడు. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన అజరయ్య 1912లో తెలంగాణలోని దోర్నకల్‌కు బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. లోకం వెలుగులోకి వస్తున్నదని చెప్పే ఆశావాదం, ఆ వెలుగు ఐరోపా నాగరికతే అనే భావనతో ఎంతగా కలిసిపోయిందో అతని ప్రసంగం బయటపెట్టింది.

నాలుగేళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. క్రైస్తవ దేశాలుగా చెప్పుకొనేవే ఒకదానినొకటి సంహరించుకోవటంతో ఈ సిద్ధాంతం పలుకుబడి కోల్పోయింది. వాల్టర్ రౌషన్‌బుష్ (1861–1918) వంటివారు బోధించిన 'సామాజిక సువార్త' కూడా దెబ్బతిన్నది. మరోవైపు జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) బోధన, 1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు ద్వారా ప్రీమిలీనియలిజం సామాన్య విశ్వాసులలో వ్యాపించింది.

== పునరుద్ధరణ, విమర్శలు ==

1957లో లొరెయిన్ బెట్నర్ పుస్తకం, 1971లో ఇయన్ మర్రే ప్యూరిటనుల నిరీక్షణపై వ్రాసిన చరిత్ర ఈ వాదాన్ని మరల చర్చలోకి తెచ్చాయి. 1973లో ఆర్.జె. రష్డూనీ పాత నిబంధన ధర్మశాస్త్రం ఆధునిక ప్రభుత్వాలకు కూడా వర్తించాలని వాదించాడు. అందులోని మరణశిక్షలను సైతం సమర్థించటం వలన తీవ్ర వ్యతిరేకత వచ్చింది. అయితే పోస్ట్‌మిలీనియలిజం నమ్మేవారందరూ రష్డూనీ అనుచరులు కారు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం సాధారణంగా జరిగే పొరపాటు.

బైబిలు వైపునుండి వచ్చే ప్రధాన ఆక్షేపణ గోధుమలు, గురుగులు కోతకాలం వరకు కలిసి పెరుగుతాయనే ఉపమానం. చెడు కూడా చివరివరకు పెరుగుతుందని విమర్శకులు అంటారు. పొలం గోధుమ పొలమే కాని గురుగుల పొలం కాదు కదా అని ఈ వాదుల సమాధానం.

== తెలుగు సంఘాలలో ==

తెలుగు క్రైస్తవ బోధలలో ఎక్కువగా వినబడేది సంఘం ఎత్తబడుట, ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, ఆపైన వెయ్యేండ్ల పాలన అనే ప్రీమిలీనియల్ క్రమమే. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాలో ప్రారంభించిన పని బ్రదరెన్ శాఖకు చెందినది. డార్బీ కూడా ఆ శాఖవాడే.