నేటివ్: కలకత్తా కచేరీల్లో ఒక విశేషణం

మన సినిమా సమీక్షల్లో నేటివిటీ మెచ్చుకోలు మాట. రైల్లో ఎదుటివాళ్లు ‘మీ నేటివ్ ప్లేస్ ఏదండీ’ అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. పుట్టుకను చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చిన విశేషణమే అది. పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తాలో మాత్రం అది మనిషి పుట్టిన చోటు కన్నా అతను నిలబడాల్సిన చోటునే ఎక్కువగా చెప్పింది.

1822లో ఈస్టిండియా కంపెనీ అక్కడ నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ నెలకొల్పింది. చదువు దేశభాషల్లో సాగేది. చదివి బయటికొచ్చినవాడు ‘నేటివ్ డాక్టర్’, అంటే తెల్ల సర్జన్ చేతికింద పనిచేసే సహాయకుడు. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఆ సంస్థను ఎత్తేసి, ఇంగ్లీషులో బోధించే మెడికల్ కాలేజీని తెరిచాడు. మరుసటి ఏడాది మధుసూదన్ గుప్తా అక్కడ శవాన్ని కోసి చరిత్రకెక్కాడు. అయినా నేటివ్ డాక్టర్ అన్న కింది మెట్టు అలాగే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే చట్టం అప్పటికే వేరే మాట చెప్పింది. ఈ దేశంలో పుట్టినవారెవరికీ మతం, పుట్టినచోటు, వంశం, రంగు కారణంగా మాత్రమే కంపెనీ కొలువు నిరాకరించరాదని 1833 చార్టర్ చట్టం శాసించింది. ఆ చట్టంలోనూ ‘నేటివ్’ అన్న మాటే ఉంది. అక్కడ హక్కు ఇచ్చిన మాటే కచేరీల్లో హద్దు గీసింది.

ఈ కథలో ఒక తెలుగువాడి ప్రస్తావన తప్పనిసరి. 1851 అక్టోబరులో కలకత్తా పెద్దలు రాధాకాంత దేవ్ అధ్యక్షుడిగా, దేవేంద్రనాథ్ ఠాగూర్ కార్యదర్శిగా బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ పెట్టుకున్నారు. మద్రాసులో దాని శాఖగా మొదలైన సంఘం 1852లోనే విడివడి మద్రాస్ నేటివ్ అసోసియేషన్ అయింది. దాన్ని నడిపించినవాడు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. కలకత్తావారు ‘బ్రిటిష్ ఇండియన్’ అనుకుంటే, మద్రాసువారు ‘నేటివ్’ అని బాహాటంగా రాసుకున్నారు. ఇందులో నాకు దాస్యం కనిపించదు. శిస్తు వసూళ్లలో రైతులను పెట్టే చిత్రహింసల గురించి పార్లమెంటుకు మొరపెట్టుకున్నది ఈ సంఘమే. తర్వాత నియమించిన విచారణ సంఘం 1855 నివేదికలో ఆ హింస నిజమేనని తేల్చింది. ఆ మాటను తలెత్తుకుని పలికినవాళ్లూ ఉన్నారనడానికి చెట్టి సాక్ష్యం.

ఆ తర్వాత ఆ మాట చేదెక్కింది. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో తిరగబడిన మంగళ్ పాండే 34వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయి. ఆ తిరుగుబాటు ముగిశాక తెల్లవారి నోట నేటివ్ అన్న మాటలో అపనమ్మకం కూడా చేరింది.

అది నడిబజారులో బయటపడింది 1883లో. సివిల్ సర్వీసు పరీక్ష నెగ్గిన బిహారీలాల్ గుప్తా కలకత్తాలో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగా తెల్లవారినీ విచారించేవాడు. అదే అధికారి జిల్లాకు వెళ్తే, ఎంత పెద్ద పదవిలో ఉన్నా, తెల్లవాడి నేరం విచారించే అధికారం పోతుంది. ఈ వింతను అతను 1882లో ప్రభుత్వానికి రాసిపంపాడు. దాన్ని సరిదిద్దడానికే ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. 1883 ఫిబ్రవరి 28న తెల్లవాళ్లు కలకత్తా టౌన్‌హాల్లో గుమిగూడి, నేటివ్ జడ్జి ముందు నిలబడేది లేదని అరిచారు. తప్పుబట్టింది గుప్తా చదువునూ కాదు, అనుభవాన్నీ కాదు, పుట్టుకను. 1884 జనవరిలో బిల్లు నీరుగారి చట్టమైంది: నేటివ్ అధికారి విచారించవచ్చు, కానీ జ్యూరీలో సగం మంది తెల్లవాళ్లు ఉండాలని ముద్దాయి కోరవచ్చు.

చదువుకున్న భారతీయులు ఆ మాటను వదిలేయడం మాత్రం అప్పటికే మొదలైంది. 1876లో సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోస్ కలకత్తాలో పెట్టిన సంఘం పేరు ఇండియన్ అసోసియేషన్. 1885 డిసెంబరులో కాంగ్రెస్ కూడా ‘ఇండియన్’ అనే పేరుతోనే పుట్టింది.

అదే 1885లో సైన్యం కూడా దళాల పేర్లలోంచి నేటివ్‌ను తీసేసింది. తీసింది పేరునే. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో భారతీయులకు ఏడాదికి పది సీట్లు దక్కింది 1918లో.