అక్వేరియంలో అడ్డుతెర: అందంతోపాటు భద్రతా ముఖ్యమే

రెండు మగ ఫైటర్ చేపలను ఒకేచోట విడిచిపెడితే అవి తీవ్రంగా గాయపడేవరకు పోరాడుతాయి. థాయిలాండ్ 2019లో జాతీయ జలచరంగా ప్రకటించిన ఈ చేపలను ఒకే అక్వేరియంలో పెంచాలంటే మధ్యలో అడ్డుతెర తప్పనిసరి.

గాజు, అక్రిలిక్ పలకలు, అంచులు నునుపైన ప్లాస్టిక్ జాలీ ఇందుకు సురక్షితమైనవి. పారదర్శకమైన తెర చూపులకు ఇంపుగా ఉన్నా, ప్రత్యర్థి నిత్యం కనిపించడం వల్ల చేపలు ఒత్తిడికి లోనవుతాయి. నల్లని అక్రిలిక్ ఆ బెడదను నివారిస్తుంది. దాని ముందు చేపల రంగులూ మరింత శోభిస్తాయి. నీటి ప్రసరణకు పలకలో చిన్న రంధ్రాలు ఉండాలి.

రాగి తీగలు, జింకు పూత వేసిన ఇనుప వలల నుంచి లోహం నీటిలో చేరి చేపలకు విషమవుతుంది. పాలరాయి నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. అతికించడానికి బూజు నిరోధక రసాయనాలు లేని అక్వేరియం సిలికాన్‌నే వాడి, పూర్తిగా ఆరిన తరువాతే నీరు నింపాలి. ఈ చేపలు ఎగిరి దూకగలవు; కనుక తెర నీటిమట్టానికి మించిన ఎత్తులో ఉండాలి.