నుయ్యి నిలిచింది, చప్టా కుంగింది

కోనసీమలో మా అమ్మ పెరట్లో నూతి పక్కన ఒక సిమెంటు చప్టా ఉంది. అంట్లు తోమినా, బట్టలుతికినా, కాళ్లు కడుక్కున్నా అన్నీ దానిమీదే. ఆ చప్టా తూర్పు మూల ఈమధ్య బెత్తెడు కుంగింది. నీళ్లు నిలిచాయి, నాచు పట్టింది. సంక్రాంతి వెళ్లిన వారానికి అమ్మ అక్కడే జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి! కట్టు కట్టించుకుని కూర్చుని, "చెయ్యి ఎలాగో అతుక్కుంటుందిలే, ముందు ఆ చప్టా సంగతి చూడు" అంది.

నేనేం చూస్తాను చెప్పండి? చదివింది చరిత్రతో బి.ఏ., చేసేది నవలలు రాయడం. అడిగిన పాపానికి తలో మాటా చెప్పారు. మా మరిది, కుంగినచోట ఇంకో పొర పోసి మట్టం చేసెయ్యమన్నాడు. ఇంజనీరింగు చదువుతున్న మా పెద్దవాడు, చప్టాకి చిల్లులు పొడిచి అడుగునించి సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కిస్తే అదే పైకి లేస్తుందన్నాడు. అమెరికాలో 1930ల నించీ కుంగిన రోడ్లను ఇలాగే లేపుతున్నారట. 1970లలో ఫిన్లాండువాళ్లు సిమెంటు పాలకి బదులు నురగలా పొంగి గట్టిపడే రసాయనం కనిపెట్టారట. ఊళ్లో తాపీ మేస్త్రి మాత్రం చప్టా చుట్టూ ఒకసారి తిరిగి, సమ్మెట కర్రతో తట్టి చూసి, "డొల్ల మోగుతోందమ్మగారూ, పగలగొట్టాల్సిందే" అన్నాడు.

అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. కుంగిన ఆ మూలే, పచ్చి సిమెంటుమీద మేకుతో మా నాన్న రాసిన అంకె ఉంది: 1986. నాన్న చేతిరాత ఆ ఇంట్లో గోడకో గడపకో మిగిలినది అదొక్కటే.

ఆ ఏడు సంగతి మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. గట్లు తెగి కోనసీమ ఊళ్లు మునిగాయి. నేనప్పుడు చిన్నపిల్లని. వరద తీశాక పెరడంతా మోకాలి లోతు ఒండ్రు. దాన్ని చదును చేయించి, దిమ్మిస కొట్టించే తీరిక లేక, చలికాలం రాకుండానే చప్టా పోయించేశారు నాన్న. ఆ ఒండ్రు అణగాల్సినంతా అణిగింది. ఈ మధ్య తూము గొట్టం పగిలి, కారే నీళ్లు మిగిలిన మట్టినీ కోసుకుపోయాయి. చప్టా గాలిలో నిలబడింది, తర్వాత కుంగింది.

నాకు ఆశ్చర్యమనిపించింది వేరే సంగతి. పక్కనే తాతగారి నాటి నుయ్యి ఉంది కదా, అదే ఒండ్రులో, అదే నీళ్లలో. దాని ఒర వెంట్రుకవాసి ఒరగలేదు! అదే మేస్త్రినడిగాను.

"నూతికి కింద తవ్వుతూ పైన కట్టుకుంటూ పోతారమ్మగారూ. తన బరువుకి తనే దిగుతుంది. దిగాల్సిందంతా ముందే దిగిపోతే ఇంకేం కుంగుతుంది?"

ఆ మాటతో నా బి.ఏ. చదువు నిద్రలేచింది. మన ఆనకట్ట కథా ఇదే కదండీ! ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. ఆ ఇసుకమీద ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. ఇసుకలో చిన్న చిన్న ఇటుక నూతులు దించి, వాటిమీద గోడ లేపారు. దిగువన గుట్టలుగా రాళ్లు పోశారు. వరదకి అవి కుంగినచోటల్లా మళ్లీ రాళ్లు వేశారు. ఇప్పుడున్నది దాని చోట తర్వాత కట్టిన బరాజు.

ఆ విద్య ఆయన సీమనించి తెచ్చింది కాదు. అంతకుముందు 1830లలో కావేరి పాయ కొల్లిడం మీద పనిచేసినప్పుడు, కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణైని చూసి నేర్చుకున్నాడు. పూర్వులు ఇసుకలో పెద్ద రాళ్లు పడేసి, అవి దిగి కుదురుకున్నదాకా ఆగి, వాటిమీద బంకమట్టితో ఇంకో వరస పేర్చారు. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దాచుకోకుండా రాశాడు. ఆయన గొప్పతనం ఆనకట్టలో ఎంతుందో ఆ ఒప్పుకోలులోనూ అంతుందని నాకనిపిస్తుంది.

ఇక మా చప్టాకి వద్దాం. పైన పొర పోస్తే బరువు పెరిగి ఇంకా కుంగుతుంది. అడుగునించి లేపే పద్ధతి మంచిదే, కాని పలక ఒక్క ముక్కగా ఉన్నప్పుడు. మాది మూడుచోట్ల బీటలిచ్చింది. పైగా తూము కారుతున్నంతకాలం ఏం ఎక్కించినా మళ్లీ డొల్లే. పెరటి చప్టాకోసం పట్నం నించి యంత్రం రప్పిస్తే కొత్తది పోయించినంత అవుతుంది. పగలగొట్టడమే సరి. మేస్త్రి లెక్క ఇది: ముందు తూము బాగుచెయ్యాలి, ఒండ్రు తీసేసి ఇసుక పొరలు పొరలుగా పోసి నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి, ఒక వానాకాలం ఆగాలి, ఆ తర్వాత కాంక్రీటు.

నాన్న రాసిన ముక్కని మాత్రం పగలకుండా కోయించి తులసికోట పక్కన పెట్టిద్దామన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఎందుకే? మిగతా ముక్కలతోపాటు అడుగునే వెయ్యమను. పునాదిలో ఉంటే పనికొస్తుంది. పైనుంటే చూసి చూసి ఏడుస్తాను" అంది.

అలాగే వేశాం. ముక్క బోర్లించే ముందు అమ్మ ఎడంచేత్తో అంకెమీద మట్టి తుడిచింది.

ఇప్పుడు ఇసుకమీద నాపరాళ్లు పరిచాం, అమ్మ వాటిమీదే స్నానానికి వెళుతోంది. మొన్న పెద్దవానకి ఒక మూల రాయి అంగుళం దిగింది. నేను కంగారుపడి ఫోను చేశాను.

"దిగనీ" అంది అమ్మ, "దిగాల్సింది ఇప్పుడే దిగనీ."